ఆఖరి పంటు

మగంగా చచ్చిపోయాడన్న కబురు సెఫు సెంకోరోకి రేడియో చెప్పింది. ఆ పొద్దున కెకో వీధిలో తన కొట్టు ముందు కూర్చుని, సోఫాకు స్పాంజి అంటించి, పైన రెక్సిను బిగిస్తున్నాడు. నోట్లో నాలుగు మేకులున్నాయి. రేడియోలో అమ్మాయి గొంతు బరువు చేసుకుని, “ఒకప్పుడు దారెస్సలాం కుర్రకారును ఊపేసిన ర్యాప్ గాయకుడు మ్తెమి మగంగా ఇక లేరు. ఈ తెల్లవారుజామున తెమెకెలోని తన ఇంట్లో కన్ను మూశారు” అంది. వెంటనే పాట వేశారు. ఇంకే పాట వేస్తారు? ‘ఆఖరి పంటు’.

సెఫు మేకులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అయ్యో, పోయాడా అనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ ఆ జాలి పాటలో మగంగా వంతు అయ్యేదాకానే నిలిచింది. ఆ తర్వాత చౌసికు గొంతు వచ్చింది.

చౌసికు సెఫు పెళ్ళాం. ఇరవై ఒక్కేళ్ళుగా అతని పెళ్ళాం. ఆ పాటలో మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఇంకొకడి ప్రియురాలు.

పాటలో మగంగా ఊపిరి తీసుకోకుండా మాటలు గుప్పిస్తాడు. కిగంబోని రేవులో జనాన్ని దాటించే ఆఖరి పంటు వెళ్ళిపోయింది, నువ్వేమో అవతలి ఒడ్డున ఉన్నావు, జేబులో టిక్కెట్టుంది గానీ ఎక్కడానికి పంటే లేదు, చూస్తూండు, ఈదుకుంటూ వచ్చేస్తున్నా అంటాడు. అక్కడ డప్పు ఆగిపోతుంది. అప్పుడు చౌసికు, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చిన మనిషిలా తాపీగా అందుకుంటుంది:

ఈదకురా మెట్టసీమవాడా, ఉప్పునీళ్ళు నిన్నెరగవు
పడవ నేనే కట్టుకొస్తా, గట్టు దిగకు, నే వస్తున్నా

ఆ ‘నే వస్తున్నా’ దగ్గర ఆమె గొంతు కొంచెం జీరపోతుంది. ఆ జీర కోసం ఆ ఏడాది జనం క్యాసెట్టును వెనక్కి తిప్పి తిప్పి అరగదీశారు. ఏ మినీబస్సు ఎక్కినా అదే పాట, ఏ పెళ్ళికెళ్ళినా అదే పాట. క్షౌరశాలలో గడ్డం సగం గీసి, ఆ జీర వచ్చేదాకా కత్తి పైకెత్తి పట్టుకున్న మంగలిని సెఫు స్వయంగా చూశాడు. ఆ గడ్డం సెఫుదే.

పాట అయిపోయాక ఫోన్లు మొదలయ్యాయి. చచ్చినవాడి కళ్ళు చారెడు కదా. మగంగా అంత మంచివాడు లేడని ఒకరు, అంత మాటకారి పుట్టడని ఒకరు. ఒకావిడ, “మా ఆయన ఈ పాట వినిపించే నన్ను ఒప్పించాడమ్మా” అని ముక్కు చీదింది. మొరొగోరో నుంచి ఒకాయన, “వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకోకపోవడం అన్యాయం కాదూ? ఆ పిల్లని ఎవడో తన్నుకుపోయాడంటగా” అన్నాడు. రేడియో అమ్మాయి కిసుక్కున నవ్వి, “ఎవరో వడ్రంగట లెండి” అంది.

పక్క కొట్టు తారిమో బీరువాకు వార్నిషు కొడుతూ ఆ మాట విన్నాడు. వినకపోతే వాడు తారిమో ఎలా అవుతాడు?

“ఎవరో వడ్రంగట! విన్నావా సెఫూ? పేరు కూడా లేదు నీకు. వెయ్యి, రేడియో వాళ్ళ మీద కేసెయ్యి. కోడిపెట్ట కోసం ఆవునమ్మి కోర్టుకెళ్ళే జాతి కదా మీ పారేవాళ్ళది!”

సెఫు పారేవాడు, తారిమో చగ్గావాడు. ఆ రెండు తెగలకూ తాతముత్తాతల నాటి నుంచి పరాచికాల వరస. ఉతాని అంటారు దాన్ని. ఆ వరస ఉన్నవాడు ఎంత మాటన్నా పడాలి. తిరిగి అంతకంత అనాలి. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. మామూలు రోజైతే సెఫు, “చగ్గావాడు చచ్చాడో లేదో తెలియాలంటే చెవి దగ్గర చిల్లర గలగలలాడించాలంటగా” అని అంటించి ఉండేవాడు. ఇవాళ మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. ఎందుకంటే అతని కొంప ముంచింది కూడా ఆ ఉతానియే. చౌసికు జరామో పిల్ల, మగంగా న్యామ్వేజీవాడు. వాళ్ళ రెండు తెగలకూ అదే వరస. మగంగా ఆమెను పదిమందిలో ‘నా పెళ్ళామా’ అని పిలవచ్చు. అసలు మొగుడు మాత్రం పళ్ళికిలించి నవ్వాలి.

ఫోను మోగింది. చౌసికు.

“బాబా జైతూని, విన్నావా?” కూతురు జైతూని పుట్టినప్పటి నుంచీ ఆమెకు అతను బాబా జైతూని, అంటే జైతూని నాన్న; అతనికి ఆమె మామా జైతూని, అంటే జైతూని అమ్మ.

“విన్నాను. రేడియోలో.”

“నేను తెమెకె బయల్దేరుతున్నా. సాయంత్రం అసరు నమాజుకి తీస్తారంట. కూర మూతేసి ఉంది, తిని రా.”

“ఏడుస్తున్నావా?” నోరు జారింది సెఫుకి.

“ఎందుకేడుస్తాను? ఉతానిదాన్ని. అక్కడ నాకు బోలెడు పనుంది.”

ఆ గొంతులో జీర ఉందా అని సెఫు చెవి నొక్కిపెట్టి విన్నాడు. లేదు. ఉంటే బాగుండునా, లేకపోతే బాగుండునా అన్నది అతనికే తేలలేదు.

*

ఆ పాట పుట్టినప్పుడు సెఫు అక్కడే ఉన్నాడు. ఈ సంగతి రేడియో అమ్మాయికి తెలియదు, మొరొగోరో పెద్దమనిషికి అసలే తెలియదు.

సినజాలో ఒక ఇంటి వెనక గది. గోడలకు పాత పరుపులు మేకులతో కొట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టారు. తలుపు సందులోంచి వీధి కోళ్ళ కూతలు మైకులో పడుతున్నాయని, తలుపు బిగించడానికి వడ్రంగిని పిలిచారు. అప్పుడు సెఫుకి ఇరవై నాలుగేళ్ళు. మోకాళ్ళ మీద కూర్చుని చిత్రిక పడుతుంటే పాటలు కట్టే కుర్రాడొచ్చి, “మేస్త్రీ, కాసేపు చప్పుడాపు” అన్నాడు. ఆపాడు.

ఉన్నది ఒక్కటే మైకు. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఇద్దరూ ఒకేసారి నిలబడి ఒకే ఊపులో పాడెయ్యాలి. మగంగాది వెనక్కి తిప్పి పెట్టిన టోపీ, మోకాళ్ళు దాటిన చొక్కా. మ్తెమి అన్నది అతను పెట్టుకున్న పేరు. వాళ్ళ వైపు దొరను అలా పిలుస్తారు. ఆ చొక్కాలో దొరతనం పెద్దగా కనబడలేదు గానీ నోరు విప్పాక మాత్రం దొరే. చౌసికు ఇరవయ్యేళ్ళ పిల్ల. పెళ్ళిళ్ళలో పాడే పిన్నితో వచ్చి, పాట కోసం కాక చూడ్డానికి నిలబడ్డ మనిషిని మైకు ముందుకు నెట్టారు. మగంగా సముద్రం ఈదుతానని కోతలు కోస్తుంటే ఆమె, “నీకు ఈతొచ్చా? మీ ఊళ్ళో నీళ్ళు బిందెలో తప్ప చూళ్ళేదు కదా” అంది. అందరూ నవ్వారు. ఆ వెక్కిరింతనే కుర్రాడు పాటలో పెట్టేశాడు.

రెండోసారి పాడినప్పుడు ఆమె వెక్కిరించలేదు. కళ్ళు మూసుకుంది. ‘నే వస్తున్నా’ అన్నప్పుడు ఆమె నుదుటికీ మగంగా చెంపకూ మధ్య బెత్తెడు దూరం. ఆ బెత్తెడు సెఫుకి ఇవాళ్టికీ గుర్తే. కొలతలు అతని వృత్తి. అదే క్షణాన అతని చేతిలో సుత్తి జారి నేలమీద పడింది. తిడతారని బిక్కచచ్చిపోయాడు. పాటలు కట్టే కుర్రాడు మళ్ళీ విని, “ఉండనీండ్రా, ఆ దెబ్బ బాగుంది” అన్నాడు. అందువల్ల పాట రెండో భాగంలో ఒక దెబ్బ వినబడుతుంది. జనం డప్పనుకుంటారు. తూర్పు ఆఫ్రికా అంతా గుండె పట్టుకుని విన్న ప్రేమపాటలో సెఫు సెంకోరో వంతు ఆ సుత్తి చప్పుడు.

ఆ ఒక్క తలుపు బాగుచెయ్యడానికి సెఫుకి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజుకి తలుపు కుదిరింది గానీ మనిషి కుదురు తప్పాడు. మగంగా పాట పట్టుకుని మ్వాంజా అనీ నైరోబీ అనీ ఊళ్ళు తిరుగుతుంటే, సెఫు మగొమెనిలో ఆమె మేనమామకు పెళ్ళి అడుగుతూ పద్ధతిగా ఉత్తరం పంపాడు. రాకపోకలయ్యాయి. ఒకే ఒక్క షరతు పెట్టాడు: ఇక పాటలొద్దు. చౌసికు తలెత్తకుండా “సరే” అంది.

అంత తొందరగా ఎందుకంది? గాజులు తీసెయ్యమన్నా ఆడపిల్ల నాలుగు రోజులు గునుస్తుంది. ఆ ‘సరే’ సెఫుకి మొదట గెలుపులా ఉండేది, తర్వాత ముల్లయింది. వేరే మొగాడితో పాడలేనని మానేసిందా? మొగుడి మాట మీద మానేసిందా? అనుమానం పెనుభూతం అంటారు గానీ, భూతమైనా అమావాస్యకే వస్తుంది. ఇది రోజూ వచ్చేది.

పాట మానిపించాడు, సరే. ఉతాని ఎలా మానిపిస్తాడు? మగంగా పండక్కొచ్చేవాడు, పబ్బానికొచ్చేవాడు, ఏమీ లేకపోయినా శుక్రవారం నమాజయ్యాక వచ్చేవాడు.

“నా పెళ్ళాం ఏదీ? ఏం బావా, అద్దెకుంటున్నావు కదాని ఇల్లు పాడు చేస్తే ఊరుకోను. మధ్యమధ్య వచ్చి చూసుకుంటుంటా!”

“వచ్చాడమ్మా మెట్టసీమ దొర!” అని వంటింట్లోంచి చౌసికు. “సముద్రాన్ని చూసి చెరువనుకుని, ముఖం కడిగి, ఉప్పెవరు పోశార్రా అన్నవాడు!”

“నవ్వు, నవ్వు. మా తాత నిన్ను మీ తాత దగ్గర రెండు ఎండుచేపలకు కొన్నాడు. రశీదుంది నా దగ్గర.”

“కుళ్ళిన చేపలిచ్చారని మా తాత ఇప్పటికీ తిడుతున్నాడు సమాధిలోంచి!”

అలా ఇద్దరూ అంటించుకుంటుంటే వీధి వీధంతా వచ్చి వినేది. మగంగా సెఫు పళ్ళెంలోంచే మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద తుంచి, సెఫు చేపముక్కే ముంచుకుని తినేవాడు. తింటే తిన్నాడు. చౌసికు ఆ నవ్వు నవ్వేది చూశారూ, తల వెనక్కి వాల్చి, గొంతులోని నరం కనబడేలా, ఆ నవ్వు సెఫు ఎన్ని కబుర్లు చెప్పినా ఆమెకు రాలేదు. సెఫు హాస్యం చెయ్యకపోలేదు. చేశాడు. ఆమె “అలాగా” అనేది.

జైతూనికి మూడేళ్ళప్పుడు కక్కలేక మింగలేక, చివరికి పారేవాడి పని పారేవాడు చేశాడు. వీధిలో పదిళ్ళ తగువులు తీర్చే పెద్ద, ముసలి కొందో దగ్గరికెళ్ళి ఫిర్యాదిచ్చాడు. నా భార్యను పరాయి మొగాడు పదిమందిలో పెళ్ళామంటున్నాడు అని. కొందో కళ్ళద్దాలు పెట్టుకుని పేర్లు రాసుకుని, తెగలు అడిగాడు. జరామో అనీ న్యామ్వేజీ అనీ వినగానే కలం కింద పెట్టి, కళ్ళద్దాలు తీసి, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

“ఓరి నాయనా, ఉతానిమీద కేసా? నా డెబ్బయ్యేళ్ళల్లో వినలేదు. కోపగించినవాడిదే తప్పు. వేస్తున్నాను జరిమానా, ఒక కోడిపుంజు. ఫిర్యాదీయే ఇచ్చుకోవాలి.”

ఆ పుంజును చౌసికు కొబ్బరిపాలు పోసి వండింది. ఇష్టంగా వండిందని సెఫుకి అనుమానం. మగంగా విస్తరి ముందు కూర్చుని, మెడ ముక్క తీసి సెఫు పళ్ళెంలో వేస్తూ, “కేసు ఓడినవాడికి మెడ, బావా” అన్నాడు. ఆ మెడ సెఫు తిన్నాడు. తినకపోతే ఇంకో పుంజు.

ఆ సాయంత్రమే ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగాడు పెళ్ళాన్ని. “నిజం చెప్పు. ఆ పాట పాడినప్పుడు నీ మనసులో వాడున్నాడా?”

చౌసికు గిన్నెలు తోముతూ తిరిగి చూసింది. “ఉతానివాణ్ణి ఎవరైనా ప్రేమిస్తారా బాబా జైతూని? నవ్వులాటకు తప్ప దేనికి పనికొస్తాడు?” అని మళ్ళీ తోముకుంది.

అవునూ కాదు, కాదూ కాదు. ఆ జవాబును పట్టుకుని సెఫు పదిహేడేళ్ళు ఈడ్చాడు. ఈలోగా కొత్త కుర్రాళ్ళొచ్చారు, కొత్త పాటలొచ్చాయి. మగంగా పాట అప్పుడప్పుడు పాతపాటల పూటలో తప్ప వినబడకుండా పోయింది. అతను ఆటో తోలాడు. ఇద్దరు పెళ్ళాలు వచ్చి, ఇద్దరూ వెళ్ళిపోయారు. షుగరు వచ్చి కాలు వాచింది. అన్నీ పోయినా చౌసికుతో పరాచికం మాత్రం పోలేదు. పోయినేడు చేతికర్రతో వస్తే ఆమె, “మూడుకాళ్ళ దొరగారొచ్చారు” అని నవ్వింది. సెఫు ఆ వాచిన కాలు చూసి కూడా కుళ్ళుకున్నాడు. ఇంత కాలేసుకుని, రెండు బస్సులు మారి, ఒక పరాచికం కోసం వస్తాడా మనిషి?

*

సెఫు తెమెకె చేరేసరికి ఇంటి ముందు టార్పాలిన్ కట్టి ఉంది. మొగవాళ్ళు బల్లల మీదా చాపల మీదా కూర్చుని కాఫీ తాగుతున్నారు. పెరట్లో అన్నం గుండిగలు పొయ్యిల మీదున్నాయి. టోపీలు వెనక్కి తిప్పి పెట్టుకున్న నడివయసు మనుషులు నలుగురైదుగురు ఒక మూల చేరారు. వాళ్ళూ ఒకప్పటి ర్యాప్ కుర్రాళ్ళే. ఇప్పుడు ఆ టోపీల కింద బట్టతలలు. ఒకడి ఫోనులో ‘ఆఖరి పంటు’ సన్నగా మోగుతోంది. శవముందని గొంతు తగ్గించారు గానీ పాట ఆపలేదు.

వాకిట్లో నవ్వులు వినబడ్డాయి. సెఫు అటు చూశాడు.

చౌసికు నడుముకు కాంగా గుడ్డ బిగించి కట్టి, మగంగా చేతికర్ర పట్టుకుని, కుంటుకుంటూ వాకిలంతా తిరుగుతోంది. “నా మైకేదీ? నా టీ ఏదీ? నా మూడో పెళ్ళాం ఇంకా రాలేదా? రెండు బస్సులు మారాలి, ఆలస్యమవుతుంది, ఆగండి, నన్నప్పుడే తియ్యకండి!” అంటోంది. గొంతు అచ్చం మగంగా గొంతే. ఇద్దరు ముసలి జరామో ఆడవాళ్ళు ఆమెకు వంత పాడుతున్నారు. మగంగా అక్క న్యామిజీ గుమ్మంలో కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది.

పక్కన కాఫీ తాగుతున్న ముసలాయన సెఫు తొడ చరిచాడు. “జరామో ఆడదే ఆడది! చావింటిని కూడా నవ్విస్తుంది. అందుకే ఉతానిలు ఉండాలి. కానీ వాళ్ళు ఏడవకూడదయ్యోయ్. ఉతానిది కన్నీరు పెట్టిందా, ఇంటికి అరిష్టం.”

సెఫు ఆ మాట పట్టుకున్నాడు. ఏడవకూడదు. అంటే ఇవాళ తేలిపోతుందన్నమాట. నోటితో ఎన్ని మాటలైనా దాచుకోవచ్చు, ప్రేమించినవాడి శవం ముందు కన్నీళ్ళు దాచుకోగలదా? అతను బల్ల అంచున కూర్చుని, తన పెళ్ళాం కళ్ళు పొడిగా ఉన్నాయా తడిగా ఉన్నాయా అని చూశాడు. సిగ్గులేని పనే. అయినా చూశాడు. మధ్యాహ్నమంతా చూశాడు. ఆమె మగంగా నడకను వెక్కిరించింది, ఆటో తోలే తీరును వెక్కిరించింది, పాట మధ్యలో ఊపిరందక దగ్గేవాడని దగ్గి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు.

సెఫు గుండెల మీంచి పెద్ద బండ దిగింది. ఛ, ఇన్నేళ్ళు ఊరికే ఉడికిపోయాను అనుకున్నాడు. ఉతాని ఉతానియే. నవ్వులాట తప్ప ఇంకేమీ లేదు. ఆ తేలికలో అతనికి చచ్చినవాడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పాపం, మంచివాడు, మెడ ముక్కైనా పెట్టాడు అనిపించింది. జనాజా లేపే వేళకి అందరికంటే ముందు ఉరికి, ఎడమవైపు ముందు కొమ్ముకు భుజం పట్టాడు.

నలుగురూ లేచారు. పచ్చగుడ్డ కప్పిన జనాజా పెట్టె భుజాలకెక్కింది. అల్లా పేరు తలుస్తూ జనం గేటు వైపు కదిలారు. గేట్లో చౌసికు నిలబడి ఉంది, రెండు చేతులూ చాచి.

“ఎక్కడికి తీసుకుపోతున్నారు నా బానిసని?” అంది. “మా తాత కొన్న మనిషి. ఊరికే పోనిస్తానా?”

అదీ ఆచారమే. ఉతానిది దారికడ్డం నిలవాలి, ఏదో ఒకటి ఇచ్చి పంపించాలి. జనం నవ్వారు. న్యామిజీ లోపల్నుంచి తమ్ముడి టోపీ తెప్పించింది. చౌసికు అందుకుని నెత్తిన పెట్టుకుంది. తప్పుకోలేదు.

“టోపీతో సరా? ఆ రేడియో?”

రేడియో వచ్చింది. చంకలో పెట్టుకుంది. తప్పుకోలేదు.

“వరండాలో కూర్చునే కుర్చీ?”

ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆమె పక్కన పెట్టారు. నవ్వులు ఇంకా వినబడుతున్నాయి గానీ పలచబడ్డాయి. న్యామిజీ, “ఇంకేం కావాలే నీకు? ఇల్లు రాసిమ్మంటావా?” అంది.

చౌసికు నోరు తెరిచింది. మాట రాలేదు. పొద్దుట్నించీ ఆగని నోరు అది. మూసుకుంది, మళ్ళీ తెరిచింది. అడగడానికి ఇంకేమీ తట్టలేదామెకు. అయినా కదల్లేదు. చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. ఆడుతోందనుకుని జనం కాసేపు చూశారు. తర్వాత నవ్వు పూర్తిగా ఆగిపోయింది. వెనక నుంచి ఇమాం, “అమ్మా, నమాజుకు వేళవుతోంది” అన్నాడు మెత్తగా. ఆమె వినలేదు.

సెఫుకీ ఆమెకూ మధ్య రెండడుగుల దూరం. కళ్ళు పొడిగానే ఉన్నాయి. కాలివేళ్ళు మాత్రం చెప్పుల్లోంచి జారి ఇసుకలోకి దిగబడి ఉన్నాయి. ఆమె సెఫును చూడ్డంలేదు. అతని చెవి పక్కనున్న పచ్చగుడ్డను చూస్తోంది.

అప్పుడు తేలింది సెఫుకి. కన్నీళ్ళ కోసం చూశాడు, నవ్వు కోసం చూశాడు. ఇలా నిలబడిపోతుందని అతని లెక్కలో లేదు. ఈ పెట్టె ఈ గేటు దాటడం ఆమెకు ఇష్టం లేదు. అంతే. ఇరవై రెండేళ్ళ ప్రశ్నకు జవాబు అంత చిన్నది. మనిషి బతికుండగా పడ్డ అసూయ ఇప్పటిదాని ముందు ఏపాటిది? రేపు ఈ పెట్టెలో తను పడుకుంటే? పారేవాడికి జరామో ఉతాని కాదు. చౌసికు పెళ్ళాం కాబట్టి లోపలి గదిలో ఆడవాళ్ళ మధ్య కూర్చుంటుంది, పద్ధతిగా ఏడుస్తుంది. తన జనాజా మాత్రం ఒక్క క్షణం ఆగకుండా గేటు దాటి వెళ్ళిపోతుంది. దారికడ్డం నిలవడానికి తనకెవరున్నారు? చచ్చి కూడా వీడిదే పైచేయి. భుజం మీది పెట్టెను అక్కడే దింపేసి, కెకోకి నడిచిపోదామనిపించింది.

కానీ కొమ్ము భుజంలోకి దిగి ఎముక నొక్కుతోంది. అతనికి నలభై ఆరేళ్ళు.

“మామా జైతూని,” అన్నాడు సెఫు, ఆమెకే వినబడేలా. “బరువుగా ఉందే. భుజం లాగేస్తోంది.”

ఆమె చూపు పచ్చగుడ్డ మీంచి దిగి అతని మీద ఆగింది. నువ్విక్కడున్నావా అన్నట్టు చూసింది. చేతులు కిందికి దిగాయి. రేడియో కుర్చీలో పెట్టి, నడుముకున్న కాంగా విప్పి, నాలుగు మడతలు పెట్టి, మునివేళ్ళ మీద లేచి అతని భుజానికీ కొమ్ముకీ మధ్య దూర్చింది. పక్కకు జరిగింది. జనాజా గేటు దాటింది.

ఆ గుడ్డ మొగుడి భుజం నొప్పి కోసం పెట్టిందో, ఆఖరిసారి ఆ పెట్టె కింద తనదేదో ఒకటి ఉండాలని పెట్టిందో సెఫుకి తెలియలేదు. దారి పొడుగునా అదే ఆలోచన. పది గజాలకొకరు వచ్చి, పుణ్యం కోసం భుజం మార్చుకుంటామన్నారు. మిగతా మూడు కొమ్ములూ చేతులు మారాయి. సెఫు ఇవ్వలేదు. ఖబరస్తాను దాకా ఇవ్వలేదు. “పారేవాడయ్యా, పుణ్యం కూడా పంచడు” అని ఎవరో అంటే నలుగురూ నవ్వారు. మట్టి మూడు గుప్పెళ్ళు తనూ వేశాడు.

తిరిగి వచ్చేసరికి టార్పాలిన్ కింద జనం పలచబడ్డారు. అన్నాలు తింటున్నారు. చౌసికు గేటు బయట, వీధివారన, మగంగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. రేడియో ఒళ్ళో, టోపీ నెత్తిన. వచ్చేపోయేవాళ్ళు ఇంకా ఆమెను చూసి, “భలే నవ్వించావు తల్లీ” అంటూ పోతున్నారు. ఆమె తల ఊపుతోంది.

సెఫు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. చెమటకు తడిసిన కాంగా చేతిలో ఉంది. అడగవలసిన ప్రశ్న ఇంక మిగల్లేదు; తిట్టడానికి మాత్రం మాటలు చాలానే ఉన్నాయి.

“పూడ్చారా?” అంది ఆమె.

“ఆఁ.”

“అయితే నా ఉతాని పని అయిపోయినట్టే.” టోపీ తీసి రేడియో మీద పెట్టింది. మొగుడి ముఖంలోకి చూసింది, భయం భయంగా, పెళ్ళైన కొత్తలో కూడా అలా చూసి ఎరగదు. “బాబా జైతూని, ఇప్పుడు ఏడవనా?”

వీధిలో జనం ఉన్నారు. గేటు లోపల న్యామిజీ ఉంది, టోపీల వాళ్ళున్నారు. సెఫు కాంగా మడత విప్పి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, వీధికీ ఆమెకూ మధ్య తెరలా చాపి నిలబడ్డాడు.

“ఏడువు” అన్నాడు.

గుడ్డ వెనక ఆమె ఏడుపు మొదలైంది. సన్నగా మొదలై, ఇరవై రెండేళ్ళు మూత పెట్టిందంతా పొంగింది. సెఫుకి ఒళ్ళు మండిపోతూనే ఉంది. చేతులు గుంజుతున్నాయి. ఎవరో వచ్చి, ఏమైందన్నా అని అడిగారు. ఏమీ లేదు, ఎండగా ఉందని నీడ పట్టాను అన్నాడు. ఆమె ఆగేదాకా అతను అక్కణ్ణుంచి కదల్లేదు.